మా గల్లీలో నీళ్ళు లేవన్న మాట

మొన్న ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున మా ఇంటి ఎదురు ప్లాటులోకి బోరు లారీ వచ్చి నిలబడింది. అక్కడున్న పాత ఇంటిని పడగొట్టి, కోచింగుకు వచ్చే పిల్లల కోసం నాలుగంతస్తుల హాస్టల్ కడుతున్నారు. లారీ మోత మొదలవగానే రాతిపిండి పొగలా లేచి మా వరండాను, ఆరేసిన బట్టలను కప్పేసింది. మా ఆవిడ కిటికీలు మూసుకుంటూ సాయంత్రం దాకా ఈ గోల తప్పదని విసుక్కుంటే, నేనూ అట్లాగే అనుకుని కుర్చీ లోపలికి జరుపుకున్నాను. కానీ ఎండ మా వరండా మెట్టెక్కక ముందే తెల్లదుమ్ము ఆగిపోయింది, బూడిదరంగు బురద చిమ్మింది, దాని వెనకే నీళ్ళు ఎగజిమ్మాయి. పని చూసే మేస్త్రీ దోసిలి పట్టి రుచి చూసి నా వైపు తిరిగాడు.

"ఏం సార్, ఈ గల్లీల మస్తు లోతుకు పోనిదే నీళ్ళు లేవంటిరి అందరు? తీపి నీళ్ళు, గింత పైననే తగిలినయి. ఎవరు చెప్పిన్రు లేవని?"

ఎవరు చెప్పారో నాకు తెలుసు. ఏమో అని తల ఆడించి లోపలికి వచ్చి కూర్చున్నాను.

ఆ పడగొట్టిన ఇల్లు ఎదురింటి అక్కది. తోడబుట్టిన అక్క కాదు, కులం కూడా ఒకటి కాదు. అయినా పెళ్ళై ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచి నాకు అక్కే, ఆమె పెనిమిటి నాకు బావే. మా తరం వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. ఎదురు బొదురు గుమ్మాల్లో బతికినవాళ్ళ మధ్య వరసలు ఎట్లా కలిసిపోయేవో మీకూ తెలుసు.

రాయచూరు ఊరు దాటాక, లింగసూగూరు పోయే రోడ్డు పక్కన, పత్తి మిల్లును ఆనుకుని ఉండేది మా గల్లీ. మిల్లు బాగా నడిచిన రోజుల్లో దాని యజమాని గోడ వెనక పడి ఉన్న రాళ్ళ భూమిని ముక్కలు చేసి, జీతంలో కొంచెం కొంచెం పట్టుకునే పద్ధతి మీద పనివాళ్ళకు ఇచ్చాడు. షాబాదు బండల నేల, బండల కప్పు, ముందొక అరుగు, అన్నీ ఒక్క తీరు ఇళ్ళు. బావ పత్తి గింజ తీసే జిన్ను మిషన్ల దగ్గర ఫిట్టరు. రోజూ చెవి మిషనుకు ఆనించి, డాక్టరు ఛాతీ చూసినట్టు దాని లోపల ఏం నడుస్తోందో వినేవాడు. అక్క, ఆమెతో పాటు గల్లీలో సగం మంది ఆడవాళ్ళు పత్తిలో ఆకు, పుల్ల ఏరే పనికి పోయేవారు. మూలింటి చాచా ప్రెస్సు మీద పత్తిని నొక్కి బేళ్ళు కట్టేవాడు. నేను కాంటా దగ్గర గుమస్తాను. ఇంట్లో తెలుగు, పబ్లిక్ నల్లా దగ్గర కన్నడం, మిల్లు గేటు లోపల ఉర్దూ. ఏ మాట ఏ భాషదో మాకే తెలిసేది కాదు.

అందరికీ జీతం ఒకే రోజు, ఒకే కిటికీ దగ్గర. ఆ సాయంత్రం గల్లీ మొత్తం మీద ఒకే మసాలా వాసన ఉండేది, నెలాఖరుకు గల్లీ మొత్తం పచ్చి పులుసే ఉండేది. ఒక ఇంట్లో ఎక్కువా ఒక ఇంట్లో తక్కువా లేవని కాదు. కానీ పక్కింటి వాడి కష్టం ఎక్కడి నుంచి వచ్చిందో, సుఖం ఎక్కడి నుంచి వచ్చిందో మాకు కనిపిస్తూ ఉండేది. సీజనులో పత్తి తగ్గితే అందరి ముఖాలూ ఒకేసారి వాడిపోయేవి. ఇప్పుడు తలచుకుంటే, మా మంచితనంలో సగం మా గుణం కాదేమో, ఆ ఒకే కిటికీ చలువేమో అనిపిస్తుంది. ఎందుకంటే ఆ కిటికీ మూసుకున్నాక నేనేం చేశానో నాకు తెలుసు.

మిల్లు ఒక్కరోజులో మూతపడలేదు. ముందు రాత్రి షిఫ్టు పోయింది, తర్వాత ఒక ప్రెస్సు పోయింది, కొత్త మిషన్లు పెట్టిన మిల్లులు వేరే దిక్కున లేచాయి. బావ ఆ దిగుల్లోనే ఉండగా గుండె ఆగి పోయాడు. ఆ మరుసటి సీజనుకు మిల్లు గేటు తెరుచుకోలేదు. యజమాని కొడుకులు మిల్లు స్థలాన్ని ప్లాట్లు వేసి అమ్మేశారు. కొన్నది ఎవరంటే సింధనూరు, పోతనాళ, కవితాళ దిక్కు వరి పండించే వాళ్ళు. కాలువ నీళ్ళు వచ్చిన కాలంలో వాళ్ళ తాతలు కోస్తా నుంచి వచ్చి ఇక్కడి భూములు కొని స్థిరపడ్డవాళ్ళు. పొలాలు అక్కడే ఉంచుకుని, పిల్లల చదువుల కోసం ఇక్కడ ఇళ్ళు కట్టుకున్నారు. మాదీ తెలుగే, వాళ్ళదీ తెలుగే, అయినా వాళ్ళు మాట మాటకూ "అండీ" అంటుంటే మా గల్లీ ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. మేము "గిట్ల, గట్ల" అంటుంటే వాళ్ళ పిల్లలు నవ్వేవారు. అది విరోధం కాదు, కొత్త అంతే.

మిల్లు పోయాక మా వాళ్ళల్లో ఒకరు ఆటో తోలారు, ఒకరు కావలి పనికి పోయారు, ఆడవాళ్ళు ఆ కొత్త ఇళ్ళల్లో గిన్నెలు తోమే పనికి కుదిరారు. అక్క మాత్రం ఒకరింటికి పోనంది. వెనక వసారాలో రెండు పొయ్యిలు వేసి జొన్న రొట్టెలు చేయడం మొదలుపెట్టింది. తెల్లవారక ముందే ఆమె ఇంట్లో నుంచి అరచేతుల చప్పుడు వినిపించేది. మిల్లులో తనతో పత్తి ఏరిన ఇద్దరిని పనికి పెట్టుకుంది. బస్టాండులో భోజనం పెట్టే ఖానావళికి కట్టలు కట్టి పంపేది, పెళ్ళిళ్ళకు పంపేది. మగదిక్కు లేని ఇంట్లో పెళ్ళికెదిగిన కూతురిని పెట్టుకుని, ఆ ఇల్లు వదలకుండా, ఎవరి ముందూ చెయ్యి చాపకుండా నిలబడాలన్నది ఆమె పంతం. ఆ పంతానికి కావలసింది రెండే: జొన్నలు, తీపి నీళ్ళు. మా దిక్కు నేలలో నీళ్ళు తగిలినా ఉప్పగా తగులుతాయి. ఉప్పు నీళ్ళతో పిండి కలిపితే జిగి రాదు, తట్టేటప్పుడే రొట్టె అంచులు పగిలిపోతాయి.

ఇక్కడ మా గల్లీ పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరు బోరు వేయించుకున్నా దాని మొదటి బిందె వేయించుకున్నవాళ్ళు ముట్టరు. ఎదురింటి ఆడమనిషి వచ్చి, పసుపు కుంకుమ పెట్టి, ఆ బిందె తన ఇంటికి తీసుకుపోతుంది. ఆ తర్వాత ప్రహరీ గోడకు బయటి వైపు ఒక నల్లా పెట్టాలి, పొద్దున ఒక పూట అది అందరిదీ. ఎవరు పెట్టిన పద్ధతో తెలియదు గానీ, తప్పిన వాళ్ళను నేను చూడలేదు. గల్లీలో అప్పటికి మూడు బోర్లుంటే రెండు ఉప్పువి. నేను అప్పు చేసి మా ఇంటి మీద రెండు గదులు లేపి, బాడుగకిచ్చి బతకాలని చూసినప్పుడు వేయించిన బోరు ఒక్కటే తీపిది. మగడు పోయినదని ఎవరూ అడ్డు చెప్పలేదు, దాని మొదటి బిందె అక్కే తీసుకుపోయింది. నల్లా గోడ బయట పెట్టాను. ఆమె రొట్టెల పని అంతా ఆ నల్లా మీదే నడిచింది. అది నేను చేసిన ఉపకారమని అప్పట్లో నాకు లోపల కొంచెం గర్వం కూడా ఉండేది.

పైన గదుల్లోకి పోతనాళ దిక్కు కుటుంబం దిగింది. ఆయన వారంలో అయిదు రోజులు పొలం దగ్గరే ఉండేవాడు, ఆమె ఇద్దరు పిల్లలతో ఇక్కడ ఉండేది. మిల్లు జీతం పోయిన నాకు ఆ బాడుగే ఆధారం. మూడో ఏడు ఎండాకాలంలో బోరు కొంచెం తగ్గింది. పొద్దున బయటి నల్లా నడిచినంత సేపూ పై ట్యాంకుకు నీళ్ళు సరిగా ఎక్కేవి కావు. ఒకరోజు ఆమె మెట్ల మీద నిలబడి, మర్యాదగానే అడిగింది.

"బాబాయిగారూ, పైకి నీళ్ళు ఎక్కట్లేదండీ. పిల్లలకి స్కూలు టైమవుతోంది. ఏదో ఒకటి చూడండీ, లేకపోతే మేం వేరే ఇల్లు చూసుకోవాల్సొస్తుంది."

గల్లీ వాళ్ళను పిలిచి నీళ్ళు తగ్గాయి, రెండేసి బిందెలే పట్టుకోండి అంటే సరిపోయేది. వాళ్ళు వినేవాళ్ళే. ఇట్లా అయితే నాకు బాడుగ పోతుందని ఉన్నమాట చెప్పినా వినేవాళ్ళే. కానీ బాడుగ కోసం నల్లా ఆపానంటే గల్లీ ముందు పలచనవుతానని భయపడ్డాను. మంచివాడినన్న పేరూ పోకూడదు, బాడుగా పోకూడదు. ఆ రాత్రే గోడ బయటి పైపుకు లోపల బిరడా బిగించాను. మరునాడు పొద్దున బిందెలతో వచ్చిన వాళ్ళ ముందు నిలబడి, బోరు ఎండిపోయింది అని చెప్పాను. నేలలో మునిగి ఉండే మోటారు కాబట్టి దాని చప్పుడు గల్లీకి వినపడదు. అది కూడా ఆలోచించుకునే చెప్పాను.

అక్క బిందె కింద పెట్టి, పాపం పిల్లలున్న ఇల్లు, మీరెట్ల చేస్తరు తమ్మీ అని నన్నే ఓదార్చింది. ఆ రోజంతా ఆమె మా ఇంటికి తాగే నీళ్ళు పంపింది, ఎక్కడి నుంచో మోయించి. ఆ బిందె మా వంటింట్లో మూత పెట్టి ఉంటే దాని వైపు చూడలేకపోయాను. అబద్ధం నిలవాలంటే దానికి సాక్ష్యం కావాలి కాబట్టి, అవసరం లేకపోయినా మూడు నాలుగు వారాలు ట్యాంకరు పిలిపించి సంపులో పోయించాను. పైపు గల్లీ అంతా కనిపించేట్టు ముందు గేటు నుంచే లాగించాను. మా ఆవిడ ఇదంతా చూస్తూ ఊరుకుంది, ఒక్కసారి మాత్రం నోరు తెరిచింది.

"ఉన్నయి గని ఇయ్యనని చెప్పినా బాగుండు. లేవని ఎందుకు చెప్పినవు?"

ఆ రెంటికీ తేడా ఏమిటో అప్పుడు నాకు అర్థం కాలేదు. రెండింటిలోనూ నల్లా బంద్ అవుతుంది కదా అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది: ఉన్నాయి, ఇవ్వను అంటే అది నా ఒక్కడి చెడు. తిట్టుకుని, ఇంకో బోరు వేసుకునేవారు. లేవు అంటే అది నేల సంగతి. మా ఇంటి బోరే ఎండిందంటే ఇక ఈ గల్లీలో ఎవరు తవ్వినా దండగ అని నమ్ముతారు. ఆ నమ్మకం ఏం చేస్తుందో నేను ఊహించలేదు.

పైన ఉండే ఆమెకు వారం తర్వాత గానీ సంగతి తెలియలేదు. తెలిసిన రోజు కిందికి దిగి వచ్చి, అయ్యో, పూర్తిగా ఆపమని నేననలేదండీ, పొద్దున గంటసేపు వాళ్ళు పట్టుకుంటే మేం సర్దుకుంటాం అంది. అప్పటికే ఎండిపోయిందని గల్లీ అంతా చెప్పేసి ఉన్నాను. ఆమెకు ఏదో సాకు చెప్పి పంపాను. ఆ ఏడు వానలు బాగా పడి బోరు మళ్ళీ నిండింది. లోపల శుభ్రం చేయించాను, మళ్ళీ ఊరింది అని చెప్పి బిరడా తీసేస్తే నా అబద్ధం కూడా మర్యాదగా కప్పబడిపోయేది. అదీ చేయలేదు. ఎందుకని నన్ను నేను చాలాసార్లు అడిగాను. భయం ఒకటే కాదు. పొద్దున్నే గేటు ముందు బిందెల మోత లేకపోవడం, అడిగేవాళ్ళు లేకపోవడం, ఆ నిమ్మళం నాకు అలవాటై పోయింది.

అక్క తోపుడు బండి ఒకటి కొని, పెద్దరోడ్డు మీది నల్లా నుంచి కడవలు తోసుకొచ్చేది. రెండు గంటలకు లేచేది. నేను పక్క మీద పడుకుని ఆ బండి చక్రాల చప్పుడు పోవడం, రావడం వినేవాణ్ణి. మోకాళ్ళు పట్టేశాయి. పనికి వచ్చే ఇద్దరిలో ఒకామె నీళ్ళ మోత తట్టుకోలేక మానేసింది. ఒకరోజు ఉప్పు నీళ్ళతోనే చేసి పంపితే, పగిలిన రొట్టెల కట్టలు ఖానావళి వాడు తిప్పి పంపాడు. వేరే వాళ్ళు ఆ గిరాకీ పట్టుకున్నారు. ఏడాదిన్నర లాగింది. ఒక మధ్యాహ్నం వచ్చి మా అరుగు మీద కూర్చుని, కూతురిని సింధనూరులో ఇస్తున్నానని, నీళ్ళు లేని చోట ఇంక తన వల్ల కాదని, ఇల్లు అమ్మి తానూ అక్కడికే పోతానని చెప్పింది. నమ్మకమైనవాణ్ణి చూసి నువ్వే దగ్గరుండి ఇప్పించు అంది. అప్పటికైనా నా నోట్లో నుంచి ఆ మాట వచ్చి ఉంటే ఆమె ఇల్లు ఆమెకు మిగిలేది. రాలేదు. పైన ఉండే ఆమె తమ్ముడే కొన్నాడు. నీళ్ళు లేని గల్లీ అని ధర తగ్గించి అడిగితే, నేను అక్క పక్కన కూర్చుని, ఆ ధర న్యాయమేనని తల ఊపాను. మధ్యవర్తిగా ఏమీ తీసుకోలేదు. అది నా మంచితనమని చాలాకాలం నమ్మాను.

ఆ తర్వాత చాచా. ఆయనకు సొంత బోరు వేసుకునే స్తోమత ఉంది, కొడుకు గల్ఫు నుంచి పంపేవాడు. బోరు వాణ్ణి మాట్లాడి కూడా మానుకున్నాడు.

"నీ బోరే పోయిందంటే, మాది తవ్వి ఏం ఫాయిదా భాయ్?" అని నా భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు. ఏడాది తిరక్కముందే ఇల్లు అమ్మి ఊళ్ళో ఆయన పాత మొహల్లాకు పోయాడు. ఒకరి వెనక ఒకరు, ఆటో ఆయన, కావలి ఆయన, నల్లా దగ్గర కన్నడం మాట్లాడే ముగ్గురన్నదమ్ములు. కొన్నవాళ్ళు పెద్ద లారీలతో చాలా లోతుకు తవ్వించారు. నీళ్ళు పడ్డప్పుడు, లోతు వల్ల పడ్డాయని అందరూ అనుకున్నారు, నేనూ అట్లాగే అన్నాను.

అందరూ నీళ్ళ కోసమే పోయారనను. మిల్లు పోయిన గల్లీ ఎట్లాగూ అట్లాగే ఉండిపోదు. పిల్లలు చదువుకున్నారు, బెంగళూరు దారి పట్టారు, అమ్ముకుని పోవాలనుకున్న వాళ్ళకు నీళ్ళు ఒక నెపం కూడా అయి ఉండవచ్చు. కానీ నేను ఇన్నేళ్ళూ సాయంత్రం నడకలో కలిసిన వాళ్ళందరితో ఒకే మాట చెప్పుకుంటూ వచ్చాను: కాలువ దిక్కు వాళ్ళు వచ్చి మమ్మల్ని కొనేశారని, డబ్బు మాట్లాడిందని, మా పాతవాళ్ళు నిలబడలేకపోయారని. వినేవాళ్ళు అవునవును అనేవారు. ఆ వచ్చినవాళ్ళు చేసిన తప్పు ఏమీ లేదు. అమ్మకానికి పెట్టిన ఇల్లు కొన్నారు, అంతే. నాలుగు బిందెలు వదులుకుంటానని అడగకుండానే చెప్పిన మనిషి కూడా వాళ్ళలోనిదే.

ఎదురు ప్లాటులో బోరు పడిన నాటి నుంచి మా ఆవిడ నాతో ముక్తసరిగా మాట్లాడింది. నాలుగో రోజు పొద్దున నేను సింధనూరు బస్సెక్కాను. ఎక్కడికని ఆమె అడగలేదు, ఎండకు తువ్వాలు తీసి ఇచ్చింది.

పోతనాళ దాటాక రోడ్డుకు రెండు వైపులా కోతలైన వరి మళ్ళు, ఆరబోసిన వడ్లు, రైసు మిల్లుల పొట్టు వాసన. ఈ వాసనే మా పత్తి వాసనను మింగేసిందని ఎన్నోసార్లు కోపంగా అనుకున్నాను. ఆ రోజు ఆ కోపం కూడా నాకు తోడు రాలేదు. అక్క అల్లుడి ఇల్లు చిన్నదని, ఆమె బస్టాండు వెనక ఖానావళిలో పనిచేస్తుందని అడిగి తెలుసుకున్నాను. వెనక వైపు రేకుల కింద మూడు పొయ్యిలు. మధ్య పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతోంది. చేతులు సన్నబడ్డాయి గానీ చేతుల వేగం తగ్గలేదు. చూడగానే గుర్తుపట్టింది. ముఖమంతా వెలిగింది. మా ఆవిడ బాగోగులు, గల్లీ బాగోగులు అడుగుతూనే పెంక మీది రొట్టె తీసి, మా దిక్కు పుంటికూర అనే గోంగూర వేసి నా ముందు పెట్టింది. పక్కన రొట్టెలు చేసే వయసు పిల్లలతో, మా తమ్ముడు, కాంటా మీద కూర్చుంటే యజమానికి సుత లెక్క తప్పనియ్యడు అని పొగిడింది. తుంచిన ముక్క కింద పెట్టేసి, అక్కడే, ఆ పిల్లల ముందే చెప్పేశాను. బోరు ఎండలేదని చెప్పాను.

ఆమె చేతుల్లో రొట్టె కాసేపు తిరుగుతూనే ఉంది.

"ఎండలేదా?"

"లేదక్కా. జర తగ్గింది, అంతే. వానలకు మళ్ళ నిండింది."

"మరి ట్యాంకరు వచ్చేది గద మీ ఇంటికి?"

"మీరు నమ్మాలని తెప్పించిన."

అప్పుడు ఆమె చేతులు ఆగాయి. పెంక మీద ఉన్న రొట్టె మాడి పొగ వచ్చింది, పక్కనున్న పిల్ల చటుక్కున తీసేసింది. నేను కాళ్ళ మీద పడాలని ఏదో అనుకుంటూ వచ్చాను, రొట్టె ముందు అట్లాగే కూర్చుండిపోయాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను, ఇన్నేళ్ళైందిలే అంటుందేమోనని ఒక మూల ఆశ కూడా పడ్డాను. ఆమె కొంగుతో చేతుల పిండి నిదానంగా తుడుచుకుంది.

"నీళ్ళు పోయినయి, నేను పోయిన అనుకున్న తమ్మీ. నీళ్ళ మీద ఎవరన్న కోపం పెట్టుకుంటరా? పండుకుంటే నిద్ర వస్తుండె. గీ వయసుల వచ్చి నాకొక మనిషిని చూపిస్తివి. నువ్వు చెప్పి తేలికైనవు. నేనేం చెయ్యాలె దీన్ని?"

నిజం చెప్పడం అంటే బరువు దించుకోవడమనే అనుకున్నాను గానీ, ఎక్కడ దించుతున్నానో చూసుకోలేదు. కాసేపటికి ఆమె మళ్ళీ పిండి ముద్ద చేతిలోకి తీసుకుంటూ, చాచాకు చెప్పినావా అని అడిగింది. చాచా చనిపోయాడని చెప్పాను. ఆమెకు ఆ సంగతి తెలియదు. చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఆయన కొడుకులకు చెప్పు. మిగిలినోళ్ళకు చెప్పు. గల్లీల నిలబడి లేవని చెప్పినవు గద. గల్లీల నిలబడే చెప్పు."

ఆ తర్వాత ఇక నా వైపు తిరగలేదు. నేను లేచి వస్తుంటే గల్లాపెట్టె దగ్గర ఖానావళి వాడు నా రొట్టెకు డబ్బు అడిగాడు. లోపల నుంచి ఆమెకు వినపడుతుంది. మా తమ్ముడు, తీసుకోకు అనే మాట రాలేదు. ఇచ్చి బస్సెక్కాను.

ఆమె చెప్పినట్టే చేయడానికి మరునాడు సాయంత్రం గేటు బయటికి వచ్చి నిలబడ్డాను. ఒకప్పుడు ఆ వేళకు అరుగుల మీద జనం నిండి ఉండేవారు. ఇప్పుడు అరుగులే లేవు, కార్లు ఎక్కడానికి సిమెంటు వాలు కట్టుకున్నారు. మూడు నాలుగు గేట్ల మీద కెమెరాలు. హాస్టల్ కట్టే ఉత్తరాది కూలీలు పని ముగించుకుని, మూతి తుడుచుకుంటూ వాళ్ళ హిందీలో నవ్వుకుంటూ పోయారు. సామాను సంచి మోసుకొచ్చిన కుర్రవాడు ఒక గేటు ముందు బండి ఆపి, ఫోటో తీసుకుని, సంచి అక్కడే పెట్టి పోయాడు, లోపల నుంచి ఎవరూ రాలేదు. ఎవరికి ఏ ఊరి నుంచి డబ్బు వస్తుందో, ఎవరిది ఎప్పుడు ఆగిపోతుందో నాకు తెలియదు, నాది వాళ్ళకు తెలియదు. ఒకే రోజున మనందరి ముఖాలూ వాడిపోయే పనే లేదు ఇప్పుడు.

మా పైన ఇప్పుడు బాడుగకుండే బ్యాంకు ఉద్యోగి ఆఫీసు నుంచి వచ్చాడు. ధార్వాడ దిక్కు అతను, మూడేళ్ళకొకసారి బదిలీ అయ్యేవాడు. అతన్నే ఆపాను. కన్నడంలో మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. బండి దిగకుండానే, హెల్మెట్ చేతిలో పట్టుకుని, పెద్దవాణ్ణని మర్యాదగా విన్నాడు. అంతా విని, ఇప్పుడైతే నీళ్ళు బాగానే వస్తున్నాయి కదా అంకుల్ అన్నాడు. వస్తున్నాయి అన్నాను. అతను నవ్వి పైకి పోయాడు. అతని తప్పేముంది? ఆ బిందెలు అతనివి కావు.

చాచా పెద్దకొడుకు నంబరు దొరికింది. ఫోనులో అంతా విని, అబ్బాజాన్ మీ పేరు చెప్పుకునేవారు అని మాత్రం అని పెట్టేశాడు. ఆటో ఆయన భార్య తిట్టింది, తిట్టినంతసేపూ విన్నాను. మిగిలిన వాళ్ళు ఏ ఊళ్ళల్లో ఉన్నారో తెలియదు. వెతుకుతున్నాను. ఇది చదివే వాళ్ళల్లో మా మిల్లు గల్లీ వాళ్ళెవరైనా ఉంటే, నా నోటితో వినవలసిన మాట ఇట్లా అచ్చులో చదవవలసి వచ్చినందుకు మన్నించమని అడగను. అడిగే హక్కు నాకు లేదని అక్క దగ్గర తెలిసింది. ఆ నేలలో నీళ్ళు ఉన్నాయి. అప్పుడూ ఉన్నాయి.

రోజూ సాయంత్రం కాసేపు బయట నిలబడుతున్నాను. మా ఆవిడ పిలిస్తే గానీ లోపలికి పోను. ఆ రోజుల్లో మా గల్లీలో ఒక ఇంట్లో మాట అంటే పొయ్యి మీద కూర దించేలోపు చివరి ఇంటి దాకా పోయేది. మోసేవాళ్ళు ఉండేవారు, నమ్మేవాళ్ళు ఉండేవారు, నీళ్ళు లేవంటే తమ ఇంటి నీళ్ళు పంపేవాళ్ళు ఉండేవారు. అందుకే నా అబద్ధం అంత దూరం పోగలిగింది. ఈ నిజం ఇప్పటి వరకూ నా గేటు దాటి పోవడం లేదు.